కొబ్బరి చాక్లెట్ల తనిఖీ

ఈ సాయంత్రం మా అమ్మాయి మంత్రగత్తె టోపీ పెట్టుకుని, హాలోవీన్ అని ఇంటింటికీ వెళ్ళి చాక్లెట్లు అడుగుతూ వీధంతా తిరిగి వచ్చింది. వయసు నలభై ఎనిమిది. చాక్లెట్ల సంచీ నా ఒళ్ళో పెట్టి, "చెక్ చేయి నాన్నా," అంది.

ఎనభైల్లో, అమెరికాలోని షామ్‌బర్గ్‌లో, అది నా డ్యూటీ. చాక్లెట్లలో ఎవరైనా ఏదైనా కలిపారేమోనని అప్పట్లో తల్లిదండ్రులందరికీ భయం. నేను ఒక్కొక్కటీ తిప్పి చూసి, కొబ్బరివి మాత్రం "అనుమానంగా ఉన్నాయమ్మా" అని తీసేసేవాణ్ణి. తర్వాత వంటింట్లో నిలబడి తినేసేవాణ్ణి.

ఇవాళ ఆ దొంగతనం ఒప్పేసుకున్నాను.

"నాకు తెలుసు నాన్నా. నాకు కొబ్బరి ఇష్టమే లేదు. నీ కోసమే ప్రతి డోర్ దగ్గరా అడిగేదాన్ని," అంది.

నలభై ఏళ్ళుగా దొరకలేదనుకుని మురిసిపోయాను! మీ ఇళ్ళల్లో తనిఖీ అధికారులెవరో, ఏం మింగారో నిజం చెప్పండి.

నేనిప్పుడే సంచీ విప్పాను. సగానికి పైగా కొబ్బరివే.