ఇది ఎప్పటి కబురు?

మొన్న ఉదయం దాజీ పేట్ నుంచి మా అత్త ఫోన్ చేసి, మామ చనిపోయారని చెప్పింది. నేను మొదట అడిగిన మాట, "ఇది ఎప్పటి కబురత్తా?"

ఏడుపు మధ్యలోనే అత్త, "నీగ్గూడ ఆయన రోగమే అంటిందిరా" అంది.

ఆ ప్రశ్న ఆయనదే. మామ టవల్ కార్ఖానాలో జకార్డ్ కార్డులు కొట్టేవారు. అట్ట కార్డులకు రంధ్రాలు కొట్టి, వాటిని దండలా కుట్టి మగ్గానికి ఎక్కిస్తే, ఆ రంధ్రాల ప్రకారం టవల్ మీద పేర్లూ పూలూ పడతాయి. మధ్యాహ్నం భోజనానికి వచ్చి అత్త ముఖం చూసి, "ఇది పొద్దుగాల్ల కోపమా, తాజాదా?" అని అడిగేవారు. పొద్దుటిదైతే పీట వేసుకుని కూర్చునేవారు. తాజాదైతే చెప్పులు విప్పకుండానే టీ కొట్టుకు పోయేవారు.

ఇంటర్నెట్ అనే మాట పేటలో అప్పుడప్పుడే వినబడుతున్న రోజుల్లో మామ పనిచేసే కార్ఖానా సేట్ రెండు కంప్యూటర్లు కొన్నాడు. ఆరు నెలల కోర్సు చేసిన నన్ను మామే అక్కడ పనికి కుదిర్చారు. నేను ఆఫీసులో కూర్చుని ఆర్డర్లు ఫైల్లో రాస్తే, షెడ్డులో మామ ముందున్న తెర మీద అవి వెబ్ పేజీగా కనబడేలా ఒక ప్రోగ్రాం రాశాను. పేజీ తొందరగా రావాలని, ఒకసారి చదివిన ఆర్డరును ప్రోగ్రాం తనలోనే దాచుకుని, ఎప్పుడు అడిగినా అదే చూపేలా చేశాను. అది ఒక్కసారి కూడా ఆగకుండా నడుస్తోందని పేటంతా చెప్పుకున్నాను.

భవాని పేట్‌లో ఒకాయన కొడుకు పెళ్లిలో చుట్టాలకు పెట్టడానికి టవళ్లు ఆర్డరిచ్చాడు. వాటి మీద తన పేరూ తమ్ముడి పేరూ వేయమన్నాడు. తర్వాత ఇద్దరికీ మాటామాటా వచ్చి, తమ్ముడి పేరు తీసేయమని కబురు పంపాడు. నేను ఫైల్లో తీసేశాను. మామ మాత్రం రెండు పేర్లతోనే కార్డులు కొట్టారు. అరవై టవళ్లు దిగాయి.

సేట్ ఒక టవల్‌ను మామ ముక్కు ముందు పరిచాడు. "క్యా మాస్టర్, ఆంఖే గయీ క్యా, కండ్లు పోయినయా? ఫైల్ల ఒక్క పేరే ఉన్నది. రేపటి సంది కార్డులు ముట్టకు. నూలు బాబిన్లు చుట్టుకుంట కూసో."

ముప్పై ఏళ్లుగా కార్డులు కొట్టిన మనిషి. మామ ఆఫీసులోకి వచ్చి, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నీ ఫైల్ల ఎందరున్నరు?"

"ఒక్కరే మామా."

"షెడ్డుల?"

వెళ్లి చూసి వచ్చాను. "ఇద్దరు."

"ఇది ఎప్పటి సంది నడుస్తున్నది?"

"ఇరవై రోజులు. ఒక్కసారి ఆగలే మామా."

"గొప్పేనా అది? మగ్గం ఆపకుంట కొత్త కార్డులు ఎక్కిస్తర్రా ఎవరన్న? దాని లోపట పాత దండనే తిరుగుతున్నది. ఆపు."

ఆపడానికి నాకు మనసు రాలేదు. ఆయన కదలలేదు. ఆపి మళ్లీ నడిపి, షెడ్డుకు పరుగెత్తి తెర చూసి వచ్చాను.

"తమ్ముడు పోయిండు మామా!"

"తాజా కబురేనా?" అన్నారాయన.

సేట్‌తో చెప్పమని మామ నన్ను అడగలేదు. అడిగి ఉంటే సులువయ్యేది. రెండుసార్లు సేట్ గది గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాను. మూడోసారి లోపలికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. "ఆ అరవై టవళ్లతోటి నువ్వే మూతి తుడుసుకో" అన్నాడు సేట్. "అయినా ఆయన కండ్లు ఎట్లున్నయో రేపు నేనే సూస్త."

ఆ సాయంత్రమే ప్రోగ్రాం మార్చాను. పేజీ చూపే ముందు, ఫైలు ఈమధ్య మారిందా అని అది చూసుకుంటుంది. మారితే మళ్లీ చదువుతుంది. "ఇప్పుడు అడుగుడు నేర్చింది" అన్నారు మామ. నన్ను ఇంతకన్నా ఎక్కువ ఎప్పుడూ మెచ్చుకోలేదు.

మర్నాడు పొద్దున సేట్ వచ్చేసరికి మామ ఒక్క పేరుతో కొత్త కార్డులు కొట్టి పెట్టారు. ఒకటి తీసి కిటికీకి ఎదురుగా పట్టారు.

"సదువు సేట్, ఏమున్నది?"

సేట్ కళ్లు చికిలించి చూశాడు. "రంధ్రాలే కనబడుతున్నయ్ మాస్టర్."

"నాకూ గవే కనబడుతున్నయ్. అంటే ఇద్దరి కండ్లు మంచిగనే ఉన్నయ్."

సేట్ బాబిన్ల మాట ఎత్తకుండా నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. మామ తర్వాతి కార్డు పైకెత్తారు. ఎండ రంధ్రాల్లోంచి దిగి ఆయన తెల్ల చొక్కా మీద చుక్కలుగా పడింది. కార్డు మారినప్పుడల్లా చుక్కలు చోటు మారుతున్నాయి.