పార్కు వైపు గది

మా ఆయన మదనపల్లె టమోటా మార్కెట్టులో ఒక మండీలో వేలం పాడేవాడు. నిమ్మనపల్లె వైపు ఒక పల్లెలో, కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంట్లో పుట్టాడు. మొదట మార్కెట్టులో కాయలు దించే పనికి చేరి, ఆ తర్వాత మండీలో నెలజీతానికి కుదిరి, చివరికి గొంతు మీద బతికాడు. క్రేట్ల వరసల మధ్య నడుస్తూ ఆయన రేటు పలుకుతుంటే వ్యాపారులు తమ మాటలు ఆపేసి వినేవాళ్ళట. ఇంటికొచ్చినా అంతే, పక్క వీధికి వినపడేలా మాట్లాడేవాడు. మెల్లగా మాట్లాడమని మా పాప విసుక్కునేది.

ఒక వేసవి పొద్దున మార్కెట్టులోనే కుప్పకూలిపోయాడు. పక్షవాతం అన్నారు. ఆ జబ్బు వచ్చే వయసు కాదు ఆయనది. కుడి కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది గానీ చెయ్యి రాలేదు. మాట మొత్తం పోయి, ఒక్కటి మిగిలింది: "అదే." నీళ్ళు కావాలన్నా అదే, నొప్పిగా ఉన్నా అదే, టీవీ ఆపమన్నా అదే. ఏమిటా 'అదే' అని మేము వెతుక్కోవాలి. మేం చెప్పేది ఆయనకు ఎంతవరకు అర్థమవుతోందో డాక్టరు కూడా ఖాయంగా చెప్పలేకపోయాడు. ఒకరోజు అన్నీ తెలిసినట్టే ఉండేవాడు. మరుసటి రోజు అద్దంలో తనను తాను చూసి బెదిరేవాడు.

నేను ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేసేదాన్ని. పాప అప్పుడు ఎనిమిదో తరగతి. ఆ ఏడు వాళ్ళ స్కూలు పిల్లలంతా బెంగళూరు దగ్గర ఒక పెద్ద ఆటల పార్కుకు పోయొచ్చారు. నాయన ఆస్పత్రిలో ఉండడంతో పాప పోలేదు. పోతానని అడగనూ లేదు.

కుప్పంలో ఉండే మా తమ్ముడికి ఈ సంగతి తెలుసు. ఆ పార్కును ఆనుకుని ఉన్న రిసార్టులో రెండు రోజులు ఉండడానికి వాడి కంపెనీలో కూపన్ ఇచ్చారు. వాడి భార్యకు నెలలు నిండుతున్నాయి కాబట్టి మమ్మల్ని పొమ్మన్నాడు. బావను పెట్టుకుని పార్కులో ఎట్లా తిరుగుతాంరా అన్నాను.

"పార్కులోకి పోవద్దులేక్కా. రూములోనే ఉండండి. చెట్లుంటాయి, గాలి బాగుంటాది. ఆ ఇంట్లో ముగ్గురూ ఎండిపోతాండారు," అన్నాడు.

పాపను అడిగితే పార్కు లేకపోయినా ఫరవాలేదంది. స్విమ్మింగ్ పూల్ ఉంటుందా అని మాత్రం అడిగింది. ఇదేదో మంచే చేస్తుందని నాకూ అనిపించింది. ఇల్లు దాటి చాలా కాలమైంది.

బస్సులో పుంగనూరు దాకా పోయి, మా ఆడబిడ్డ ఇంట్లో దిగాం. ఆయనకంటే పెద్దది ఆమె, చిన్నప్పుడు ఆయన్ను ఎత్తుకుని చెనిక్కాయ చేలల్లో తిరిగిన మనిషి. సంగటి ముద్ద చిన్న చిన్న ఉండలు చేసి తన తమ్ముడి నోట్లో పెట్టింది. పెదవి పక్కనుంచి జారిన పప్పు కొంగుతో తుడిచింది. మేం ఎక్కడికి పోతున్నామో విన్నాక ఆమె ముఖం మారిపోయింది.

"ఇట్లాంటి మనిషిని పెట్టుకోని ఆటల కాడికి పోతాండావా అమ్మా?" అంది.

ఆటలకు కాదు వదినా, ఊరికే ఉండి వస్తాం అన్నాను. బస్సెక్కేటప్పుడు ఆమె తమ్ముడి చెయ్యి వదలకుండా మెట్టు దాకా వచ్చింది. ఆ రాత్రి కుప్పంలో మా తమ్ముడి ఇంట్లో పడుకుని, తెల్లారి వాడి కారులో రిసార్టుకు చేరాం. మమ్మల్ని గదిలో దించి, ఎల్లుండి వస్తానని వాడు వెనక్కి వెళ్ళాడు.

గది బాగుంది. తెల్లటి దుప్పట్లు, పెద్ద అద్దాల తలుపు, అవతల చిన్న బాల్కనీ. బాల్కనీలోంచి చూస్తే చెట్లు, చెట్ల వెనక పార్కు గోడ, గోడ మీదుగా ఆకాశంలో పెద్ద రంగులరాట్నం. పాప రైలింగు పట్టుకుని కాసేపు దాన్నే చూసింది. నేను ఆయన చెప్పులు విప్పి మంచం మీద కూర్చోబెట్టాను.

అప్పుడు మొదలయ్యాయి కేకలు. మనుషులను కుర్చీల్లో కట్టి పైకి తీసుకెళ్ళి తలకిందులుగా తిప్పే యంత్రం ఒకటుంది అక్కడ. అది తిరిగినప్పుడల్లా ఆడా మగా కలిసి గొంతు చించుకుని అరిచేవాళ్ళు. ఆగేది, మళ్ళీ మొదలయ్యేది. మాకైతే అది ఆటలో అరుపని తెలుస్తోంది. ఆయన మంచం మీంచి లేచాడు. "అదే, అదే," అంటూ కాలీడ్చుకుని తలుపు వైపు పోయాడు. బాత్రూమ్ అనుకుని అటు తిప్పబోయాను. నన్ను తోసేసి గొళ్ళెం మీద ఎడమ చేత్తో కొట్టసాగాడు. ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనీ, మేము ఊరికే నిలబడి ఉన్నామనీ ఆయన అనుకుంటున్నాడని నాకు అర్థమయ్యేసరికి ఒళ్ళంతా చెమటతో తడిసిపోయాడు.

"ఆడుకుంటాండారు నాయనా. ఎవురికీ ఏమీ కాలేదు. సూడు కావాలంటే," అని పాప ఆయన్ను బాల్కనీలోకి తీసుకుపోయింది. అదే పొరపాటైంది. అంత ఎత్తున కాళ్ళు పైకి, తలలు కిందికి వేలాడుతున్న మనుషులను చూసి ఆయన నోరు తెరుచుకుని ఏడ్చాడు. శబ్దం లేకుండా ఏడ్చాడు. పాప గబగబా తలుపు మూసి కర్టెన్లు లాగింది.

గది మార్చమని కిందికి వెళ్ళి అడిగాను. పార్కు కనపడని వైపు గదులన్నీ నిండిపోయాయన్నారు. ఆ మధ్యాహ్నమంతా కర్టెన్లు వేసుకుని, టీవీ గట్టిగా పెట్టుకుని కూర్చున్నాం. పార్కు మూసేసిన తర్వాత ఆయన అలసిపోయి పడుకున్నాడు. పాప ఫోను చూసుకుంటూ అన్నం కూడా మంచం మీదే తినేసింది.

మరునాడు పొద్దున ఇంకా పార్కు తెరవలేదు. ఎక్కడా చప్పుడు లేదు. ఆయన్ను పూల్ పక్కన నీడలో కుర్చీలో కూర్చోబెట్టాం. పాపకు ఈత రాదు, గట్టు పట్టుకుని కాళ్ళాడించింది. ఉన్నట్టుండి దోసిలితో నీళ్ళు తీసి నాయన పాదాల మీద పోసింది. ఆయన ముఖంలో మంచిగా ఉన్న సగం నవ్వింది. ఆ కాసేపూ నాకు మేం వచ్చింది మేలే అనిపించింది.

మధ్యాహ్నం డైనింగ్ హాలుకు వెళ్ళాం. జనం కిటకిటలాడుతున్నారు. పార్కుకు పోయి తడిసి వచ్చినవాళ్ళు, పోవడానికి తయారైనవాళ్ళు. దూరంగా కేకలు మళ్ళీ మొదలయ్యాయి. ఆయన చెంచా వదిలేసి "అదే," అన్నాడు. ఏం కాలేదు, ఆటలే అన్నాను. మళ్ళీ అన్నాడు. ఆయన చెయ్యి నిమురుతూ అదే మాట మళ్ళీ చెప్పాను. పక్క టేబులు దగ్గర ఉన్న పిల్లవాడు కిందికి చూసి వాళ్ళమ్మ మోచేయి లాగినప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆయన అడిగింది బాత్రూమ్. కుర్చీ తడిసి, నీళ్ళు నేల మీదికి కారుతున్నాయి. అందరూ చూశారు. కొందరు చూసి, మర్యాదకు తల తిప్పుకున్నారు.

పాప తన భుజం మీది తువ్వాలు ఆయన నడుముకు చుట్టింది. నాతో కలిసి ఆయన్ను గదికి నడిపించింది. ఆయన్ను కడిగి, పొడి లుంగీ కట్టి కుర్చీలో కూర్చోబెట్టాక, గోడకు ఆనుకుని నిలబడి అంది:

"ఈడికి యాల తీసకొచ్చినావుమా?"

నీకోసమే కదా అన్నాను.

"నాయనను తీసకరాలేదు మనం. ఇంకెవురినో తీసకొచ్చినాము. మా నాయన ఇట్లుండడు."

గట్టిగా అనలేదు. ఉన్నది చెప్పినట్టు చెప్పింది. ఆయన తలెత్తి పాప వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"అదే," అన్నాడు.

దేనికైనా ఆయన అనేది ఆ మాటే. కానీ ఆ ఒక్కసారి ఆయనకేం కావాలో వెతకడానికి నేనూ లేవలేదు, పాపా లేవలేదు.

తమ్ముడికి ఫోను చేస్తే సాయంత్రానికి వచ్చాడు. ఏమైందని అడగలేదు. కారులో కుప్పం చేరాం. తిరుగు ప్రయాణంలో పుంగనూరులో దిగకుండా నేరుగా మదనపల్లె వచ్చేశాం. మా ఆడబిడ్డ ముందు నిలబడే ఓపిక నాకు లేదు.

తర్వాతి ఆదివారం పాప స్నేహితురాళ్ళు ఇంటికొచ్చారు. వంటింట్లో టీ కాస్తున్న నాకు పాప మాటలు వినపడ్డాయి. పెద్ద రంగులరాట్నం ఎక్కినామని చెబుతోంది. తలకిందులుగా తిప్పే దాంట్లో కూడా కూర్చున్నామంది. "మా నాయన శానా గట్టిగా అరిసినాడు, అందరికన్నా గట్టిగా," అంది. పిల్లలు నవ్వారు. ఆయన ఆ పక్క మంచం మీదే కూర్చుని, మాట్లాడుతున్న పాపనే చూస్తున్నాడు. టీ గ్లాసులు వాళ్ళ ముందు పెట్టి నేను లోపలికి వచ్చేశాను.

ఆ ఏడు వానలు పడే కాలంలో ఆయనకు పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి కాలు కూడా పోయింది, ఆ ఒక్క మాటా పోయింది. కొన్నాళ్ళు మంచంలో ఉండి చనిపోయాడు. మార్కెట్టు నుంచి చాలామంది వచ్చారు. ఆయనకు బదులు ఇప్పుడు వేలం పాడుతున్న అబ్బాయి వాకిట్లో నిలబడి, లోపలికి రాకుండానే దండం పెట్టి వెళ్ళాడు.

పాప ఇప్పుడు కుప్పంలో తమ్ముడి ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతోంది. సెలవులకు వచ్చినా రెండు రోజులకు మించి ఉండదు. మేము బాగానే మాట్లాడుకుంటాం, చదువు గురించి, తమ్ముడి కొడుకు గురించి. ఆ ప్రయాణం గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మొన్న మాత్రం ఫోనులో మాటల మధ్య ఆగి అడిగింది.

"మా, నేను ఆ పొద్దు అనిన మాట నాయనకు అర్థమై ఉంటాదా?"

లేదని చెప్పేయొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. అయినా తెలియని సంగతి ఎట్లా చెప్పేది.

"తెలీదు పాపా," అన్నాను.

"సరేమా," అంది. తర్వాత, అన్నం తిన్నావా అని అడిగింది.