ఓబులేసు కొడతాడా?

మొన్న మంగళవారం ఉదయం పదిన్నరకు ఎర్రగుంట్లలో బస్సెక్కాను. పక్కన కూర్చున్నాయన గొంగడి తడిసి ఉంది. ఆ ఊలు వాసనకు నాకు డాక్టర్ ఖుర్షీద్ గారి కోపం గుర్తొచ్చింది. ప్రొద్దుటూరులో ఆమె నడిపిన మానసిక వైద్యశాలలో పదకొండేళ్లు నర్సుగా చేశాను. అన్నేళ్లూ రోగిని తెచ్చినవాళ్లందరూ ఆమెను అడిగింది ఒకటే: ఇతను కొడతాడా, కొట్టడా?

ఒకసారి జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి గొర్రెల కాపరి చిన్నయ్య తన తమ్ముడు ఓబులేసును తీసుకొచ్చాడు. ఓబులేసుకు స్కిజోఫ్రీనియా. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టుంటే వాళ్లకు బదులు చెబుతుంటాడు. ఊరికి అదే భయం.

"కొడతాడో లేదో ఒక మాట చెప్పు మేడమ్."

"వాన పడతాదా అని అడిగినట్టు అడుగుతాండావే అప్పా. ఇంతకుముందు ఎవురినన్నా కొట్టినాడా?"

"లేదు."

"తాగుతాడా?"

"వాడు ముట్టడు."

"నువ్వు?"

"సంతనాడు."

"తాగి ఎవురినన్నా కొట్టినావా?"

చిన్నయ్య గోడకేసి చూశాడు. ఓబులేసు నవ్వాడు.

"ఈ లెక్కన నాకు నీ మీదనే అనుమానం" అన్నారామె. "ఖాయంగా చెప్పే చదువు యాడా లేదు. మాత్రలు ఆపితే, తాగితే, భయపెడితే ప్రమాదం పెరుగుతాది. మాత్రలు ఆపొద్దు."

ఇంత పెద్ద డాక్టరు అవునో కాదో చెప్పలేరా అని నాకు ఆమె మీదే విసుగొచ్చింది.

మూడు నెలలైనా వాళ్లు తిరిగి రాలేదు. మేమే వెళ్లాం. మందలో గొర్రెకు జబ్బు చేస్తే విడదీసి వేరుగా కట్టేస్తారు. గొర్రెకది మంచి పద్ధతే. ఓబులేసును కూడా అలాగే ఊరి బయట, తడి ఊలు వాసన కొట్టే పాత గొర్రెల దొడ్లో గొలుసుతో కట్టేశారు. కట్టేశాక మాత్రలెందుకని ఆపేశారు. గొలుసు ఒరుసుకుని పాదం కుళ్లింది.

"గంజి పెట్టబోతే రాయెత్తినాడు మేడమ్. నేను అనుకుంటానే ఉండా" అన్నాడు చిన్నయ్య, పందెం గెలిచినట్టు.

"నువ్వు అనుకోలేదప్పా, నువ్వే చేసినావు. నిన్ను మూడు నెల్లు ఈడ కట్టేసుంటే ఏమెత్తుతావు, పూలా?"

ఓబులేసు చేతిలో అప్పుడూ రాయి ఉంది. నేను గొలుసు అందనంత దూరంలో నిలబడ్డాను. ఆమె దగ్గరికి పోయి కూర్చుని, "ఆ రాయి ఇట్లియ్యి నాయనా" అన్నారు. అతను ఇచ్చాడు.

ఇప్పుడు పులివెందులలో ఉంటున్నాను. ఎవరికైనా ఈ జబ్బని తెలిస్తే చాలు, వీధిలోవాళ్లు నా దగ్గరికొచ్చి అదే ప్రశ్న వేస్తారు. శానా విసుగు. జవాబు చెప్పను. ఆమె అడిగినవే అడుగుతాను: ఇంతకుముందు కొట్టాడా, తాగుతాడా, మాత్రలు వేస్తున్నారా, మీరేం చేశారు? చివరి ప్రశ్నకు చాలామంది లేచిపోతారు.

ఓబులేసు పోగొట్టుకున్నవి ఇవి. ఎడమ పాదంలో మూడు వేళ్లు. మందలో అతని వాటా. వేంపల్లె పుట్టింటికి పోయి మళ్లీ రాని భార్య. అతని చేతిలో దెబ్బ తిన్నవాళ్లు ఎవరూ లేరు.