చేయి పెట్టకుండా

కుడిచేతి ఉంగరపు వేలిలో నరం చిట్లి, మానడానికి ఏడాది పట్టింది. మళ్ళీ చిట్లితే బండలెక్కడం మరిచిపొమ్మని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. తాడు లేకుండా, కింద పరుపు వేసుకుని, ఇంటి గోడంత రాతిగుండ్లు ఎక్కే ఈ బౌల్డరింగ్ పిచ్చి తప్ప నాకు ఆదివారమంటూ వేరే లేదు. ఎక్కడమంటే నాకు చేతులే. సన్నటి అంచు దొరికితే చాలు, వేళ్ళతో పట్టి ఒళ్ళంతా పైకి లాగేసేదాన్ని. కాళ్ళు ఊరికే వెనకాల వచ్చేవి. ఇప్పుడు కాళ్ళతో ఎక్కడం నేర్చుకోవాలి, లేదా మానేయాలి.

అందుకే ఆ ఆదివారం పొద్దున్నే, ఎప్పుడూ నాతో ఎక్కే స్నేహితురాలితో హసన్‌పర్తి అవతలి గుట్టకు పోయాను. పైకొసన ఒక్క అంచు తప్ప పట్టుకోవడానికి ఏమీ లేని వాలుబండను ఎంచింది తను. అరచేతులు ఊరికే ఆనించి, బూటు ముందుభాగం బండకు అదిమి, బరువంతా దాని మీద వేసి లేవాలి. భయపడి బండను కావలించుకున్నామా, కాలు జర్రున జారుతుంది.

నేను కావలించుకుంటూనే ఉన్నాను. జారుతూనే ఉన్నాను.

పక్కన చదును బండ మీద ఒక ముసలమ్మ మిరపకాయలు ఆరబోసుకుని కాపలా కూర్చుంది. నేను పడ్డప్పుడల్లా ఆమె గుండె కాయల కోసం కొట్టుకునేది.

"ఓ బిడ్డా, జర అటు పడు. కాయ నలుగుతది."

"అక్కా, నడుము బండకు దూరం పెట్టు. కాలు ఆగుతది, నమ్ము," అంది స్నేహితురాలు.

"నమ్ముతనే ఉన్న గదా!" అని అరిచాను. శుద్ధ అబద్ధం.

ఎండెక్కి బండ కాలడం మొదలయ్యాక నీడకు పోయి ఏడ్చాను. ఈ కాళ్ళతోనే రోజూ ఆఫీసు మెట్లెక్కుతాను, బస్సులో నిలబడతాను. ఇన్నేళ్ళూ నన్ను మోసింది అవే. అయినా వాటిని నమ్మడం నాకు చేతకావడం లేదు. నేర్చుకునే వయసు దాటిపోయిందేమోనని గట్టిగా అనిపించింది.

పొద్దు వాలాక ఆఖరుసారి ఎక్కాను. మొదటి అడుగు ఆగింది. రెండోదీ ఆగింది. కాసేపు నిజంగా కాళ్ళ మీదే నిలబడ్డాను, ఒళ్ళు తేలికైంది. తర్వాత కాలు జారిందో, జారుతుందని నేనే అనుకున్నానో ఇప్పటికీ తెలియదు. నన్నడగకుండానే కుడిచేయి పైనున్న అంచు పట్టేసింది. వేలిలో ఠప్పుమంది. ఎడమచేత్తో పాక్కుంటూ పైకి చేరాను.

"ఎక్కినవ్ అక్కా! నే చెప్పిన్నా లేదా?" కింద నుంచి స్నేహితురాలు చప్పట్లు కొట్టింది.

"ఇగ సాలు, దిగు బిడ్డా. నువ్వు పడుతుంటె నాకే పానం ఆగుతలేదు," అంది ముసలమ్మ.

నేనూ నవ్వాను. బండ వెనక నుంచి దిగి వచ్చి, పరుపును ఎడమ భుజానికి తగిలించుకున్నాను. వచ్చే ఆదివారం పెద్ద గుండు చూద్దామా అని తను అడిగితే సరేనన్నాను. బూట్ల తాళ్ళు విప్పబోతే వేలు వంగలేదు.

"విప్పవా అక్కా? కాళ్ళు నొయ్యవా?"

"బానే ఉన్నయ్ తియ్," అన్నాను. కాలివేళ్ళు ముడుచుకుపోయే ఆ బిగుతు బూట్లతోనే, కుడిచేయి జేబులో పెట్టుకుని, బండి దాకా నడిచాను.