కత్తెరక్క కోయని కథ

ఆ ఊరి రేడియో స్టేషన్‌లో ఆవిడను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. గేటు దగ్గర కాపలా మనిషి నుంచి వార్తలు చదివే పెద్దాయన దాకా అందరికీ ఆవిడ కత్తెరక్కే. రికార్డు చేసిన పాటలనూ ప్రసంగాలనూ కథలనూ బాగుచేసి ప్రసారానికి సిద్ధం చేయడం ఆవిడ పని. వెనకటికి టేపును కత్తెరతో కోసి అతికించేవారు. ఇప్పుడు టేపూ లేదు, కత్తెరా లేదు, అంతా కంప్యూటర్ తెర మీదే. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

గాయకుడి దగ్గు, వక్తగారు మంచినీళ్లు తాగిన గుటక, కవిగారి జేబులో మోగిన ఫోను, అన్నిటినీ బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరిపారేసేది. ఎంత నసిగేవాడైనా ఆవిడ చేతిలో పడ్డాక గడగడా మాట్లాడాల్సిందే. ఆ సంగతి వాళ్లకు తెలియదు పాపం. రేడియోలో తమ గొంతు తామే విని, ఆహా, ఎంత బాగా మాట్లాడాం అని మురిసిపోయేవాళ్లు. కత్తెరక్క లోలోపల నవ్వుకునేది తప్ప నోరు విప్పేది కాదు. కోసినదాని గురించి చెప్పుకోకూడదన్నది ఆవిడ పెట్టుకున్న నియమం. సొంత తమ్ముడి విషయంలో ఆ నియమమే మెడకు చుట్టుకుంది.

తమ్ముడికి బజారులో తాళంచెవులు చేసే చిన్న దుకాణం ఉంది. పుట్టి మాటలు నేర్చినప్పటి నుంచీ వాడికి నత్తి. ముఖ్యంగా క, ప అక్షరాల దగ్గర బండి మొరాయిస్తుంది. చిన్నప్పుడు ఇద్దరూ కొట్టుకు వెళితే, వాడు "ప... ప..." అంటూ ఉండగానే అక్క "పలక కావాలట" అనేసేది. వాడు తలూపేవాడు. చుట్టాలెవరైనా పలకరిస్తే తల్లి కూడా "దాన్నడగండి, వాడికేం కావాలో దానికి తెలుసు" అనేది. పెద్దయ్యాకా అంతే. వాడు స్టేషన్‌కు వచ్చి "క..." అన్నాడంటే చాలు, అక్క క్యాంటీన్‌కు రెండు కాఫీలు చెప్పేసేది.

అలాంటివాడు కథలు మాత్రం భలే చెబుతాడు. సాయంత్రమైతే దుకాణం ముందు బల్ల మీద పిల్లలు చేరేవాళ్లు. నత్తి నత్తే, కథ కథే. స్టేషన్‌లో పిల్లలకు కథలు చెప్పే ముసలాయన మంచాన పడి ఆదివారం కార్యక్రమానికి మనిషి లేకపోయినప్పుడు, కత్తెరక్క తమ్ముణ్ని రెక్కపట్టుకు తెచ్చి మైకు ముందు కూర్చోబెట్టింది. వాడు చెప్పినంతసేపు చెప్పాడు. తర్వాత ఆవిడ తలుపు వేసుకుని కోయాల్సినదంతా కోసింది. ఆదివారం కథ ఏరు పారినట్టు సాగిపోయింది.

మర్నాడు తమ్ముడు మొహం చేటంత చేసుకుని వచ్చాడు. "అక్కా, విన్నావా? మై... మైకు ముందు నాకు నత్తి రావట్లేదే."

వాడి మొహంలో ఆ వెలుగు చూశాక నిజం చెప్పడానికి ఆవిడకు ప్రాణం ఒప్పలేదు. "అవున్రా, నేనూ అదే అనుకున్నా" అంది.

అంతే. ఒక్క అబద్ధానికి ఏళ్ల తరబడి చాకిరీ చేయాల్సి వచ్చింది. ఊళ్లో పిల్లలందరికీ వాడు కథల మామయ్య అయ్యాడు. బజారులో తాళంచెవి కోసం వచ్చినవాళ్లు వాడి గొంతుకూ రేడియో గొంతుకూ పొంతన కుదరక తికమకపడేవాళ్లు. సంగతి పసిగట్టిన కత్తెరక్క భర్త మాత్రం వేళాకోళం మానేవాడు కాదు. "మీ తమ్ముడి నత్తంతా కోసి దాచి ఉంటే, దాంతో ఇంకో స్టేషన్ పెట్టుకునేవాళ్లం" అనేవాడు.

ఇలా ఉండగా స్టేషన్‌కు కొత్త డైరెక్టరమ్మ వచ్చింది. వస్తూనే, కథల కార్యక్రమానికి పిల్లల్ని స్టూడియోలోకి పిలిచి కథను నేరుగా ప్రసారం చేయాలంది.

"రికార్డింగే బాగుంటుందేమో మేడమ్" అంది కత్తెరక్క.

"ఎందుకని?"

"వాడికి కాస్త మొహమాటం."

"ఊరంతా వినే కథల మామయ్యకు మొహమాటమా?" అని డైరెక్టరమ్మ నవ్వేసింది. మింగలేక కక్కలేక కత్తెరక్క బయటికొచ్చేసింది. ఊరి ముందు తమ్ముడి పరువు పోతుందన్న దిగులు ఒకటి. ఇన్నాళ్లూ అక్క తనతో అబద్ధమాడిందని వాడికి తెలిసిపోతుందన్న దిగులు దానికి రెండింతలు.

చెప్పేద్దామనే దుకాణానికి వెళ్లింది. తమ్ముడు తాళంచెవి పళ్లు ఆకురాయితో అరగదీస్తున్నాడు.

"వచ్చే ఆదివారం లైవ్ అట్రా. వద్దంటే మానేద్దాం" అంది.

"మానడం ఎందుకు? మైకు ముందు నాకు నత్తి రాదు క... కదా" అన్నాడు వాడు తలెత్తకుండా.

అనుకుని వచ్చిన మాట చెప్పకుండానే ఆవిడ వెనుదిరిగింది. ఇంటికెళ్లి ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. చివరికి తనకు తెలిసిన పనే చేసింది. వాడు ఎక్కడైనా ఇరుక్కుపోతే వెంటనే వేయడానికి ఒక పాట సిద్ధం చేసి పెట్టుకుంది. మీట ఒక్కటి జరిపితే వాడి గొంతు ఆగి పాట మొదలవుతుంది. యంత్రం చెడిపోయిందని చెప్పుకోవచ్చు.

ఆదివారం పొద్దున స్టూడియోలో పిల్లలు నేల మీద కూర్చున్నారు. అద్దానికి ఇవతల కత్తెరక్క ఒక చేయి మీట మీద వేసి కూర్చుంది. తమ్ముడు ఒంటరి ముసలమ్మ కథ ఎత్తుకున్నాడు. మొదట్లోనే రెండుచోట్ల తడబడ్డాడు. ఒక పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. ఆవిడ చేయి బిగుసుకుంది.

ముసలమ్మ ఇంట్లో తాళం వేసిన గది ఉంది. ఆ గదిలోంచి ఎవరో తుమ్ముతున్నారు. ముసలమ్మ దీపం పట్టుకుని తాళం తీసింది. తలుపు తోసింది. లోపల చూస్తే...

"ప..." అన్నాడు తమ్ముడు. మళ్లీ "ప..." అన్నాడు. తర్వాత అదీ లేదు. పెదాలు మూసుకుని, మెడ నరాలు ఉబ్బి, అలాగే ఉండిపోయాడు.

ప్రసారంలో కాసేపు చప్పుడు వినిపించకపోతే డ్యూటీ గదిలో గంట మోగుతుంది. మోగింది. డ్యూటీ ఆఫీసరు వెంటనే ఫోన్ చేశాడు. "అక్కా, ఏమైంది? ప్రసారం ఆగిపోయింది. పాట వేసేయండి."

కత్తెరక్క అద్దంలోంచి చూసింది. తమ్ముడు ఆవిడ వైపే చూస్తున్నాడు. సాయం అడిగే చూపు కాదది, ఆగమనే చూపు. "పులి" అన్న మాట అప్పటికే ఆవిడ పెదాల మీద ఉంది. కింద పిల్లలు మెడలు చాచి వాడి నోటి వంక చూస్తున్నారు. నవ్విన పిల్లవాడు కూడా.

"ప్రసారం ఆగలేదండీ. కథ నడుస్తోంది" అని ఫోన్ పెట్టేసి మీట మీంచి చేయి తీసేసింది.

"...పులి!" అన్నాడు తమ్ముడు. "జలుబు చేసిన పులి. ముక్కు తుడుచుకోవడానికి గుడ్డ ఇమ్మంది."

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ తర్వాతా వాడు చాలాచోట్ల ఆగాడు. అన్నిచోట్లా అంత బాగా కుదరలేదు. ఒకచోట కథ దారే తప్పింది. పులికి దుప్పటి కప్పేసరికి సమయం అయిపోయి, చివరి మాటల మీద వార్తల సంగీతం వచ్చి పడింది. అయినా కథ వాడి నోటితోనే పూర్తయింది.

తర్వాత ఇద్దరూ వరండాలో బల్ల దగ్గర నిలబడ్డారు. కత్తెరక్కకు కళ్లనీళ్లు ఆగలేదు. "నీతో అబద్ధమాడానురా. ఇన్నాళ్లూ..."

"తెలుసే."

"తెలుసా?"

"మొదటివారం నమ్మాను. తర్వాత వారం గడియారం చూశాను. అంతసేపు చెప్పిన కథ రేడియోలో అందులో సగం కూడా లేదు. మిగతాది ఏమైందనుకోను?"

"మరి చెప్పొచ్చు కదరా."

"అంత శ్రద్ధగా ఏరుతున్నావు. వద్దంటే ఏమనుకుంటావోనని ఊరుకున్నా."

ఆవిడకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, దేన్ని ముందు బయటపెట్టాలో తెలియలేదు. వాడు బల్ల మీద కూలబడి "అక్కా, నాకు క... క..." అన్నాడు.

కాఫీ అన్న మాట ఆవిడ నాలుక చివరికి వచ్చేసింది. క్యాంటీన్ ఎదురుగానే ఉంది, చేయి కూడా సగం లేచింది. దించేసుకుని ఊరుకుంది. వాడు కళ్లు మూసుకున్నాడు, ఊపిరి పీల్చుకున్నాడు, మళ్లీ మొదలుపెట్టాడు.

"...కాళ్లు వణికిపోయాయే" అన్నాడు.

ఇన్నేళ్లలో వాడు తాగిన కాఫీల్లో నిజంగా అడిగినవి ఎన్నో అని ఆవిడకు అప్పుడు అనుమానం వచ్చింది. ఆ మాట అడగలేదు. బల్ల మీద వాడి పక్కన చేరి, "చెప్పరా, ఇంకా చెప్పు" అంది.