ఎర్ర తొట్టికి దూరమైన మా మేనత్త

మొన్న ఉప్పల్లో మా అపార్ట్‌మెంటుకు నల్లా నీళ్లు రాక బోరు నీళ్లతో టీ పెడితే, డికాషన్ సిరాలా నల్లబడింది. నీళ్లలో ఇనుముందని ఇంట్లో అందరూ విసుక్కుంటుంటే, నాకు మాత్రం మా మేనత్త గుర్తొచ్చి ఆ కప్పు ముట్టబుద్ధి కాలేదు.

డిగ్రీ అయ్యాక పని దొరకని రోజుల్లో నేను నాచారంలో మేనత్త వాళ్లింట్లో ఉండేదాన్ని. ఇంటి వెనక రేకుల షెడ్డులో వాళ్లు నూలుకు రంగులద్దేవారు. మంజిష్ఠ వేరు పటికతో కలిస్తే ఎరుపు, అదే వేరుకు రవ్వంత ఇనుము తగిలితే మసకబారిన ఊదా. అందుకని ఎర్ర తొట్టి వైపు వెళ్లేవాళ్లు తాళాల గుత్తి, ఆఖరికి జాకెట్టు పిన్నీసు కూడా గుమ్మంలోనే తీసిపెట్టాలి. కరక్కాయ నీళ్లలో నానిన నూలుకు ఇనుము తగిలితే నలుపు; ఆ నలుపు పని అత్తది. తుప్పు ఇనుమూ బెల్లమూ నానిన కుండలో ఆమె చేతులు ఎప్పుడూ మునిగే ఉండేవి.

ఆ ఎండాకాలం పాత బోరు ఎండిపోయి కొత్తది లోతుగా వేయించారు. నీళ్లు తేటగా ఉన్నాయి కనుక వాటి మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఎరుపు మాత్రం వరసగా చెడిపోసాగింది. మామయ్య అందరి ముందూ అత్త మీద విరుచుకుపడ్డాడు.

“నల్ల చేత్తోనే నూలు ముట్టినవ్, లేకుంటే గిట్లెందుకైతది?”

“సబ్బుతోని కడుక్కున్నంకనే వచ్చిన. జర నమ్మరాదు?” అంది అత్త.

ఆయన నమ్మలేదు. షెడ్డులోకి రావద్దన్నాడు. పెళ్లైన నాటి నుంచీ ఆ తొట్ల మధ్యే బతికిన మనిషి, ఆ మాట పడలేక మల్కాజిగిరిలో మా నాన్న దగ్గరికి వచ్చేసింది. తిండి తగ్గింది, జ్వరం పట్టుకుంది, దవాఖానాలో చేర్చాక మళ్లీ లేవలేదు.

ఆమె లేకుండా తీసిన నూలు కూడా మసకబారాకే మామయ్య బోరు నీళ్లలో కరక్కాయ పొడి వేసి చూశాడట. చూస్తుండగానే నల్లబడిందట. ఆ గ్లాసు పట్టుకుని ఆయన వచ్చేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టి ఉంచాం. వచ్చినవాళ్లందరికీ గ్లాసు చూపిస్తూ, “నీళ్లల్లనే ఉన్నది, ఆమె తప్పేం లేదు,” అని చెప్పుకుంటూ తిరిగాడు.

ఇప్పుడా షెడ్డు చోట గోదాములు లేచాయి. రంగులు పొట్లాల్లో దొరుకుతున్నాయి, పిన్నీసు తీసిపెట్టే గుమ్మమూ లేదు. నీళ్లలో ఇనుముంటే కరక్కాయ పట్టిస్తుందని ఆ ఇంట్లో నాతో సహా అందరికీ తెలుసు. అత్త మీద నింద వేసేముందు ఆ చిటికెడు పొడి వేసి చూద్దామని ఒక్కరికీ తోచలేదు.