ఎవరూ చెప్పలేదన్నాను

మా పేట అంగన్‌వాడీ టీచరమ్మ పోయారు. ఆదివారం పొద్దున్న చర్చి మైకులో పాట మధ్యలో ఆపి చెప్పారు. నేను గుమ్మంలో కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నాను. చెయ్యి ఆగిపోయింది. ఏడవబోయి ఊరుకున్నాను, ఆవిడ కోసం ఏడవడానికి నాకు మొహం ఎక్కడిది? ఎందుకలా అంటున్నానో తెలియాలంటే మొత్తం చెప్పాలి.

మా నేతపేటలో పిల్లలందరూ ఆవిడ చేతుల మీదే నడకలు నేర్చారు. మీ పేటలోనూ ఇలాంటి టీచరు ఒకరు ఉండే ఉంటారు. ఉడికించిన గుడ్లు ఆయా చేత ఒలిపించేవారు కాదు, తానే ఒలిచి, వేడి చూసి, ఒక్కో పిల్లనీ పేరు పెట్టి పిలిచి ఇచ్చేవారు. ఊరికే పేరు కాదు, పక్కన 'గారు' తగిలించి. "లక్ష్మి గారూ, మీ గుడ్డండీ!" అనగానే ముక్కు కారుతున్న రెండేళ్ళ లక్ష్మి గారు చెయ్యి చాపుకుంటూ పరిగెత్తుకొచ్చేది. "మర్యాదిచ్చి పిలిస్తే ఎంత చిన్నవాళ్ళైనా తల తిప్పుతారండీ" అని నవ్వేవారు.

మా నాని తల తిప్పలేదు.

అప్పటికి వాడికి రెండేళ్ళు నిండలేదు. మాది మగ్గం ఇల్లు. రాట్నం ముందు కూర్చున్నాడంటే పూటంతా ఆ చక్రం వంకే చూసేవాడు, ఆకలని కూడా అడిగేవాడు కాదు. ఖాళీ కండెలు ఇస్తే గోడ వెంబడి వరసగా పేర్చేవాడు. అందులో ఒకటి కదిపితే మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాడు. మా మామగారు మురిసిపోయారు. "పువ్వు పుట్టగానే పరిమళించింది, వీడు మగ్గం కోసమే పుట్టాడు" అని పేటంతా చెప్పుకున్నారు. మాటలు రాలేదేమిటని నేనంటే మా అత్తగారు "నిండుకుండ తొణకదే. వాళ్ళ నాన్నకీ నాలుగో ఏట గాని మాట రాలేదు" అన్నారు. వస కొమ్ము సానరాయి మీద అరగదీసి, తేనెలో రంగరించి వాడి నాలిక్కి రాశాం. మాట రావడానికి మా ఇళ్ళల్లో అదే మందు. రాశాం గనక ఇక వచ్చేస్తుందని కూర్చున్నాం.

ఒక మధ్యాహ్నం టీచరమ్మ వాణ్ణి చంకనేసుకుని తానే దించడానికి వచ్చారు.

"అమ్మా, నాని గారికి ఏదన్నా కావాలంటే వేలు పెట్టి చూపిస్తారా?"

"నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడండీ. తెలివైనోడు."

"పిలిస్తే పలుకుతారా?"

"పనిలో ఉంటే పలకడండీ." చక్రం చూడటం పని అన్నమాట.

ఆవిడ గొంతు తగ్గించారు. "మాట తర్వాత సంగతమ్మా, ముందు వేలు లేవాలి. పిలిస్తే తిరగాలి. ఒక్కసారి బెజవాడ తీసుకెళ్ళి పిల్లల డాక్టరుగారికి చూపించండి. ఆటిజం అని ఉంటుంది. అవునో కాదో వాళ్ళే చెప్తారు. కాదంటే మంచిదే గదా?"

ఆ పేరు వినడం నాకదే మొదలు. అర్థం కాలేదు గాని కోపం మాత్రం వచ్చింది. లోపల్నుంచి మా అత్తగారు "నా మనవడికి వంక పెట్టడానికొచ్చావా" అని అరిచారు. పెద్దావిడ నోటి దురుసు, సరే. నేనన్నది అంతకన్నా పాడుమాట. "పిల్లలు లేనివాళ్ళకి పిల్లల సంగతి ఏం తెలుస్తుందిలెండి" అన్నాను. ఆవిడకి పిల్లల్లేరని పేటలో అందరికీ తెలుసు. ఆవిడ వాడి తల నిమిరి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి నేను వాణ్ణి పంపడం మానేశాను.

అయినా మా గుమ్మం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆవిడ "నాని గారూ" అని ఒక పిలుపు పిలిచేవారు. తిరుగుతాడేమోనని కాస్త ఆగి, తన దారిన వెళ్ళేవారు. నేను తలుపు చాటుకి జరిగేదాన్ని.

నాలుగో ఏడు దాటినా మాట రాలేదు. అయిదో ఏట బడివాళ్ళు వాణ్ణి చేర్చుకోలేమన్నారు. అప్పుడు కదిలాం. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక డాక్టరుగారు వాడితో చాలాసేపు ఆడి, చూసి, ఆటిజమేనని చెప్పారు. తర్వాత నన్నడిగారు. "ఇప్పటిదాకా మీకు ఎవరూ చెప్పలేదామ్మా?"

"లేదండీ" అన్నాను.

మా ఆయన నా మొహం వంక చూశారు. టీచరమ్మ చెప్పిన ఆ మధ్యాహ్నం ఆయన మగ్గం మీదే ఉన్నారు, అంతా విన్నారు.

వారానికి రెండుసార్లు థెరపీకి ఏళ్ళ తరబడి తిరిగాం. ఇప్పుడు వాడికి పదకొండేళ్ళు. ఒక్క మాట లేదు. అప్పుడే తీసుకొస్తే వచ్చేదా అని డాక్టరుగార్ని ఒకసారి అడిగాను. "ఖాయంగా చెప్పలేమమ్మా. ఇంకొంచెం నేర్చుకునేవాడేమో" అన్నారు. రాదనే చెప్పినా బాగుండేది. ఆ 'ఏమో' నన్ను తినేస్తోంది.

డాక్టరుగారు చెప్పిన సంగతి తెలియగానే, అప్పట్లోనే టీచరమ్మ మా ఇంటికొచ్చారు. పాత క్యాలెండర్లలో బొమ్మలు కత్తిరించి అట్టలకి అతికించి తెచ్చారు. గ్లాసు, అరటిపండు, మంచం. వాడి పక్కన నేల మీద చతికిలబడి ఒక్కోటీ చూపించేవారు. రిటైరయ్యాక కూడా సాయంత్రాలు అలాగే వచ్చేవారు. "వాళ్ళు పలకడం లేదని మనం పలకరించడం మానకూడదమ్మా" అనేవారు. నాని ఆ అట్టలన్నీ వరసగా పేర్చేవాడు, అంతే. 'నేనానాడే చెప్పాను గదా' అని ఆవిడ ఒక్కసారి అని ఉంటే కాళ్ళ మీద పడి ఏడ్చేదాన్ని. ఆవిడ అనలేదు. తప్పు నాదేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కిడ్నీలు పాడై ఆసుపత్రిలో ఉన్నారంటే, ఈసారి చెప్పేద్దామనే వెళ్ళాను. వార్డు నిండా జనం. "నాని గారు ఎలా ఉన్నారమ్మా?" అని అడిగారు. "బాగున్నారండీ" అని, తెచ్చిన బత్తాయిలు పక్కన పెట్టి వచ్చేశాను.

సోమవారం సమాధుల తోటకి నానిని తీసుకుని వెళ్ళాను. మట్టి వేసేటప్పుడైనా 'మీరు చెప్పారండీ, నేనే వినలేదు' అని మనసులో అనుకుందామనుకున్నాను. పిడికెడు మట్టి వేసేలోపే వెనకవాళ్ళు తోశారు, పక్కకి జరిగాను.

బయట కుళాయి దగ్గర మా పక్క వీధి వాళ్ళ కోడలు కొడుకుని ఎత్తుకుని ఉంది. రెండేళ్ళుంటాయి వాడికి. అమ్మమ్మ పిలిచింది, పిన్ని చిటికేసింది. వాడు తిరగలేదు. నీళ్ళ ధారలో చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెడుతున్నాడు. నేను దగ్గరికి వెళ్ళాను.

"అమ్మాయ్, ఏమనుకోకు. బాబుని ఒకసారి బెజవాడ తీసుకెళ్ళి డాక్టరుకి చూపించు. ఆలస్యం చెయ్యకు" అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసింది. నా పక్కన చెవులు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతున్న నానిని చూసింది. "మా వాడికేం లేదండీ" అని కొంగు తీసి పిల్లాడి తల మీద కప్పి, గబగబా నడిచింది. నాకు కోపం రాలేదు. నాలుగడుగులు వేసేసరికి కొంగు జారింది. తల్లి భుజం మీంచి పిల్లాడి మొహం నా వైపే ఉంది. చెయ్యి ఊపాను, చిటికేశాను, "బాబూ" అని పిలిచాను. వాడు నా వెనక కారుతున్న కుళాయి వంకే చూస్తూ మలుపు తిరిగిపోయాడు.